హెచ్‌టీఎంఎల్ టైడీ: పాత మాన్యువల్‌ను హెచ్‌టీఎంఎల్5కి మార్చే పనిలో ఎంతవరకు పనికొస్తుంది

హెచ్‌టీఎంఎల్ టైడీ అంటే వెబ్ పేజీల మార్కప్‌ని, అంటే పేజీలోని ట్యాగుల రాతని, సరిచేసే ప్రోగ్రామ్. ముందే చెప్పేస్తాను. హెచ్‌టీఎంఎల్ టైడీలో చాలామంది మొదట ఆన్ చేసే ఆప్షనే నాకు నచ్చనిది. దాని పేరు 'క్లీన్'. పేరే అంత ఊరిస్తుంటే ఎవరు మాత్రం ఆగుతారు? మరో ఆప్షన్ ఉంది, పేజీలో ఉన్నదంతా ఉన్నట్టే ఉంచి, దాన్ని తప్పుల్లేని ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌గా (ఎక్స్‌ఎంఎల్ అనే కచ్చితమైన పద్ధతిలో రాసిన హెచ్‌టీఎంఎల్‌గా) తిరగరాసి ఇస్తుంది, అంతే. చూడ్డానికి ఏమీ మారినట్టుండదు కాబట్టి దాని మీద ఎవరికీ మోజు ఉండదు. నేను ఈ సాఫ్ట్‌వేర్‌ని మెచ్చుకునేది ఆ ఒక్క ఆప్షన్ కోసమే.

నా పని టెక్నికల్ డాక్యుమెంటేషన్. కొలతల లెక్కలు చేసే ఒక సాఫ్ట్‌వేర్‌కి యూజర్ మాన్యువల్ చూసుకుంటాను. అది 1990ల చివర మొదలైన మాన్యువల్. నా చేతికి వచ్చేసరికే ఎన్నో చేతులు మారింది. కొన్ని అధ్యాయాలు వర్డ్‌లో రాసి వెబ్ పేజీగా సేవ్ చేసినవి. కొన్ని ఏదో విజువల్ ఎడిటర్‌లో లాగి వదిలినవి. ఇంకొన్ని నోట్‌ప్యాడ్‌లో చేత్తో కొట్టినవి, ట్యాగులన్నీ పెద్దక్షరాల్లో. ఈ చివరివే నయం, రాసినాయన పద్ధతి తెలిసిన మనిషి అని చూడగానే తెలుస్తుంది. ఈ మొత్తాన్ని హెచ్‌టీఎంఎల్5కి మార్చాలి, అదే మూలం నుంచి ఈపబ్ 3 అనే ఫార్మాట్‌లో ఈ-పుస్తకం కూడా తీయాలి. ఇదీ నాకు అప్పజెప్పిన పని.

మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు పాత పేజీ ఒకటి బ్రౌజర్‌లో తెరిచి చూసి, "బాగానే కనిపిస్తోంది కదా మేడం, పైన డాక్‌టైప్ లైన్ ఒక్కటి మార్చేస్తే సరిపోదా?" అన్నాడు. పేజీ ఏ స్టాండర్డ్‌లో రాసిందో చెప్పే మొదటి లైనే డాక్‌టైప్. అడగాల్సిన ప్రశ్నే. పాత రోజుల్లో ట్యాగ్ మూయకపోతే ఒక్కో బ్రౌజర్ ఒక్కోలా ఊహించుకునేది. హెచ్‌టీఎంఎల్5 చేసిన గొప్ప పని ఏమిటంటే, తప్పు మార్కప్ ఎదురైతే ఏం చేయాలో కూడా స్టాండర్డ్‌లోనే అడుగడుగునా రాసిపెట్టింది. అందుకే ఇవాళ చెత్త పేజీ కూడా అన్ని బ్రౌజర్లలో ఒకే రకంగా చెత్తగా కనిపిస్తుంది. బ్రౌజర్ వరకే మన పని అయితే ఆ కుర్రాడి మాటే రైటు.

కానీ ఈపబ్ 3 అలా ఊరుకోదు. అందులోని పేజీలు హెచ్‌టీఎంఎల్5 అయినా ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలోనే రాయాలి. తెరిచిన ప్రతి ట్యాగూ మూయాలి, ప్రతి యాట్రిబ్యూట్ విలువకూ కోట్స్ ఉండాలి, ట్యాగులు ఒకదాన్నొకటి అడ్డంగా దాటకూడదు. ఎక్స్‌ఎంఎల్ పార్సర్, అంటే ఆ ఫైల్‌ని చదివే ప్రోగ్రామ్, తప్పు చూసిందంటే అక్కడే ఆగిపోతుంది, సర్దుకుపోవడం దానికి తెలియదు. ఒక్క పేరాగ్రాఫ్ ట్యాగ్ మూయకపోయినా కొన్ని రీడర్ యాప్‌లు అధ్యాయం మధ్యలో ఎర్రర్ చూపించి చేతులెత్తేస్తాయి. మా పాత పేజీల్లో పేరాగ్రాఫ్ ట్యాగ్ మూసినవాళ్లే తక్కువ.

సరిగ్గా ఈ చోటే టైడీ చేతికొస్తుంది. దాని పుట్టుక ఇలాంటి పని కోసమే, కాకపోతే ఇంకో వలస కోసం. హెచ్‌టీఎంఎల్ 3.2, 4.0 స్టాండర్డ్‌లకు ఎడిటర్‌గా ఉన్న డేవ్ రాగెట్ దీన్ని 1990ల చివర్లో సి భాషలో రాశారు. 2000 జనవరిలో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 1.0 వచ్చింది. ఇక వెబ్ అంతా ఎక్స్‌ఎంఎల్ దారిలోనే నడుస్తుందని అప్పటి నమ్మకం. ఆ దారికి పాత పేజీలను చేర్చే పనిముట్లలో టైడీకి మంచి పేరు. ఆ తర్వాతి కథ వేరే. వెబ్ ఆ దారిన పోలేదు. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ 2 పనిని 2009లో ఆపేస్తున్నట్టు వెబ్ స్టాండర్డ్‌లు తయారుచేసే సంస్థ డబ్ల్యూ3సీ ప్రకటించింది, 2014 అక్టోబరులో హెచ్‌టీఎంఎల్5 స్టాండర్డ్ అయింది, 2019లో ఆ బాధ్యత కూడా బ్రౌజర్లు తయారుచేసేవాళ్ల బృందం వాట్‌డబ్ల్యూజీ నడిపే, ఎప్పటికప్పుడు మారే లివింగ్ స్టాండర్డ్‌కే అప్పజెప్పేశారు. అంటే టైడీ ఏ ఊరికి బస్సు నడపడానికి పుట్టిందో ఆ ఊరికి జనం వెళ్లడం మానేశారు. బస్సు మాత్రం కండిషన్‌లో ఉంది.

ఇందులో కలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ రాసేటప్పుడు పై ట్యాగ్‌లో నేమ్‌స్పేస్ అని ఒక చిరునామా పెట్టాలి, దాంట్లో 1999 అనే అంకె ఉంటుంది. హెచ్‌టీఎంఎల్5ని ఎక్స్‌ఎంఎల్‌గా రాసినా అదే చిరునామా, అదే 1999. స్టాండర్డ్ మారినా ఆ ముక్క మారలేదు. అందుకే పాత వలస కోసం తయారైన పనిముట్టు ఇచ్చే ఫైల్, డాక్‌టైప్ సంగతి చూసుకుంటే, కొత్త వలసకీ చెల్లుతుంది.

వెర్షన్ విషయంలో మాత్రం జాగ్రత్త. టైడీని రాగెట్ తర్వాత వాలంటీర్లు సోర్స్‌ఫోర్జ్ అనే సైట్‌లో చూసుకున్నారు. ఆ పైన డబ్ల్యూ3సీలోని ఒక కమ్యూనిటీ గ్రూప్ తీసుకుని హెచ్‌టీఎంఎల్5 నేర్పింది. 2015లో 5.0 వచ్చింది, 2021లో 5.8.0. 5.0కి ముందు వాడుకలో ఉన్నవి తేదీలతో పిలిచే రిలీజులు. వాటికి హెచ్‌టీఎంఎల్5తో వచ్చిన సెక్షన్, ఆర్టికల్, న్యావ్ లాంటి ట్యాగులు తెలియవు. తెలియని ట్యాగ్ కనబడితే గుర్తుపట్టలేదని ఎర్రర్ ఇచ్చి, బలవంతంగా అవుట్‌పుట్ రాయమంటే ఆ ట్యాగుని పారేసి లోపలి సరుకు మాత్రం ఉంచుతాయి. మ్యాక్‌లో సిస్టమ్‌తో పాటు వచ్చిన కాపీ చాలా ఏళ్లు 2006 అక్టోబరు తేదీదే. కమాండ్ కొట్టగానే పని చేస్తుంది కాబట్టి దాన్నే వాడేస్తాం, సగం మార్చిన పేజీని దానికిచ్చామంటే మనం కొత్తగా పెట్టిన సెక్షన్లన్నీ గల్లంతు. వెర్షన్ అడిగి, 5తో మొదలైతేనే ముందుకెళ్లండి.

ఇక అసలు పని. ఒక పేజీ దగ్గరగా చూపిస్తాను. మా మాన్యువల్‌లో ఒక అధ్యాయం పేరు హెడింగ్ ట్యాగ్‌లో లేదు. మామూలు పేరాగ్రాఫ్ ట్యాగ్, దాంట్లో సైజు 5 అని ఫాంట్ ట్యాగ్, దాని లోపల బోల్డ్ ట్యాగ్, అందులో పేరు. తర్వాత బోల్డ్ ముందు మూయాల్సింది పోయి ఫాంట్ ముందు మూశారు, పేరాగ్రాఫ్ అసలు మూయలేదు. దాని కింద నేరుగా టేబుల్. ఈ ముక్కని టైడీకిస్తే ఏ లైను, ఏ కాలమ్ అన్నది చెబుతూ వార్నింగులిచ్చింది: ఇక్కడ బోల్డ్ మూయలేదు, టేబుల్‌కి ముందు పేరాగ్రాఫ్ మూయలేదు, టేబుల్‌కి సమ్మరీ లేదు. అవుట్‌పుట్‌లో ట్యాగులన్నీ చిన్నక్షరాలయ్యాయి, ఒకదానిలో ఒకటి సరిగ్గా ఒదిగాయి, సైజు 5 చుట్టూ కోట్స్ వచ్చాయి. సైజు 5 మాత్రం అలాగే ఉంది.

అది అలాగే ఉండటమే నాకు కావలసింది. ఆ పేజీలో అది అధ్యాయం పేరు అని చెప్పే ఆధారం సైజు 5, బోల్డ్ అన్న రెండు ముక్కలే. మనిషి కంటికి పెద్దగా, లావుగా కనిపిస్తుంది కాబట్టి హెడింగ్ అనుకుంటాం. ప్రోగ్రామ్‌కి ఆ రెండు గుర్తులు తప్ప దిక్కు లేదు. ఇప్పుడు క్లీన్ ఆప్షన్ ఆన్ చేస్తే ఏమవుతుందో చూడండి. టైడీ ఆ ఫాంట్ ట్యాగుని తీసేసి, పేజీ పైభాగంలో స్టైల్ బ్లాక్ పెట్టి, అందులో సి1, సి2 అని క్లాసులు సృష్టిస్తుంది. పేరాగ్రాఫ్‌కి సి2 అని తగిలిస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, ఫాంట్ ట్యాగ్ అన్నదే కనబడదు. కానీ ఈ నంబర్లు ఫైల్ ఫైల్‌కీ వేరు. ఈ పేజీలో సి2 అంటే అధ్యాయం పేరు, పక్క పేజీలో సి2 అంటే ఎర్ర రంగు హెచ్చరిక, ఇంకో పేజీలో మధ్యకి జరిపిన బొమ్మ. సి అన్న అక్షరం మార్చుకోవడానికి ఆప్షన్ ఉంది, దానివల్ల ఒరిగేదేమీ లేదు. అన్ని ఫైళ్లలోనూ ఒకేలా ఉన్న గుర్తుని తీసుకెళ్లి, ఫైల్‌కో అర్థం ఉన్న గుర్తుగా మార్చేస్తుంది. ఒకే ఒక్క పేజీ శుభ్రం చేసుకునేవాళ్లకి ఇది బాగుంటుంది. వందల పేజీలు ఒకే సూత్రంతో మార్చాల్సినవాళ్లకి ఇది ఉన్న ఆధారాన్ని చెరిపేయడమే.

దీనికన్నా ప్రమాదకరమైనది సింబల్ ఫాంట్. మాది కొలతల మాన్యువల్, ఆల్ఫా, సిగ్మా, మ్యూ లేని పేజీ ఉండదు. యూనికోడ్ అలవాటు లేని రోజుల్లో ఆల్ఫా రాయాలంటే ఇంగ్లిష్ చిన్న ఏ అక్షరం కొట్టి, దాని చుట్టూ ఫాంట్ పేరు సింబల్ అని ట్యాగ్ పెట్టేవాళ్లు. ఫైల్‌లో ఉన్నది ఏ, తెర మీద కనిపించేది ఆల్ఫా. మన భాషల పాత ఫాంట్లదీ ఇదే కథ, ఫాంట్ పేరు పోయిందంటే మిగిలేది అర్థం లేని ఇంగ్లిష్ అక్షరాలు. కాబట్టి "ఫాంట్ ట్యాగులు హెచ్‌టీఎంఎల్5లో లేవు, తీసేద్దాం" అని ఊడ్చేశామంటే సూత్రాలన్నీ తప్పులైపోతాయి. కొలతలో అనిశ్చితి సిగ్మా కాస్తా ఎస్ అయి కూర్చుంటుంది. పైగా ఎస్ కూడా లెక్కల్లో వాడే అక్షరమే, చదివేవాడికి అనుమానం కూడా రాదు! పేజీ స్టాండర్డ్ ప్రకారం ఉందా అని చూసే వాలిడేటర్ దీన్ని పట్టుకోలేదు, దాని దృష్టిలో పేజీ కడిగిన ముత్యం.

అందుకే నా వరస ఇది. ముందు టైడీతో ఎక్స్‌హెచ్‌టీఎంఎల్‌గా మార్చడం, అంతకుమించి ఏ శుభ్రతా వద్దు. ఆ తర్వాత ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ, అంటే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లని మనం రాసిన రూల్స్ ప్రకారం మార్చే భాష. ఇదీ 1999 నాటి స్టాండర్డే. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాసెసర్ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ లినక్స్ వాడేవాళ్లకి చిరపరిచితం. "పేరాగ్రాఫ్‌లో సైజు 5 ఫాంట్, దాంట్లో బోల్డ్ ఉంటే దాన్ని రెండో స్థాయి హెడింగ్ చెయ్యి", "సింబల్ ఫాంట్‌లో ఏ ఉంటే యూనికోడ్ ఆల్ఫా పెట్టు, ఫాంట్ ట్యాగ్ తీసెయ్యి" అని రూల్స్ రాసుకోవచ్చు. గుర్తులు అన్ని ఫైళ్లలో ఒకేలా ఉన్నాయి కాబట్టి ఒక రూల్ రాస్తే అన్నిట్లో పని చేస్తుంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీకి ఎక్స్‌ఎంఎల్ మాత్రమే తినిపించాలి, పాత హెచ్‌టీఎంఎల్‌ని దానికి తినదగ్గట్టు వండిచ్చేది టైడీ. ఒక్క హెచ్చరిక: ఇందాక చెప్పిన నేమ్‌స్పేస్ చిరునామాని రూల్స్ ఫైల్‌లో కూడా ప్రకటించాలి. లేకపోతే ఎర్రర్ ఏమీ రాదు, రూల్స్ ఒక్కటీ తగలవు, పేజీ ఏమీ మారకుండా బయటికొస్తుంది. కొత్తగా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ పట్టుకున్న ప్రతివాళ్లూ తల పట్టుకునే చోటు ఇదే.

రూల్స్ అన్నీ తగిలి ఫాంట్ ట్యాగులు పోయాక, డాక్‌టైప్ హెచ్‌టీఎంఎల్5గా పెట్టి మళ్లీ టైడీకివ్వాలి, ఈసారి రిపోర్ట్ మాత్రమే ఇచ్చే మోడ్‌లో. అప్పుడది ఇంకా ఎక్కడైనా సెంటర్, ఫాంట్ మిగిలుంటే "ఈ ఎలిమెంట్ హెచ్‌టీఎంఎల్5 నుంచి తీసేశారు" అని లైన్ నంబర్‌తో చెబుతుంది. నిజానికి నాకు టైడీ అవుట్‌పుట్ కన్నా ఈ రిపోర్టే ఎక్కువ పనికొస్తుంది. అన్ని పేజీల వార్నింగులూ ఒక ఫైల్‌లోకి మళ్లించి, ఒకే రకానివి ఒక చోట చేర్చి లెక్క పెట్టిస్తే, మాన్యువల్‌లో ఏ జబ్బు ఎక్కువగా ఉందో తెలిసిపోతుంది. ఎక్కువ ఉన్నదానికి రూల్ రాయాలి, నాలుగైదు చోట్లే ఉన్నదాన్ని చేత్తో సరిచేసుకోవాలి. ఎర్రర్లు ఒక పరిమితి దాటితే చూపించడం మానేస్తుంది, మామూలుగా ఆ పరిమితి 6. పెంచుకోకపోతే 6 తప్పులే ఉన్నాయనుకుని సంబరపడిపోతాం.

టైడీ ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే స్టేటస్ నంబర్ కూడా చక్కగా ఉంటుంది: అంతా బాగుంటే 0, వార్నింగులుంటే 1, ఎర్రర్లుంటే 2. స్క్రిప్ట్ రాసుకునేటప్పుడు 2 వచ్చిన ఫైళ్లని పక్కన పెట్టించడం సులువు. ఈ చిన్న మర్యాద పాటించని కొత్త సాఫ్ట్‌వేర్‌లు చాలా చూశాను.

డిఫాల్ట్ సెట్టింగుల దగ్గర మాత్రం నాకూ దానికీ పడదు. లైన్లని 68 అక్షరాల దగ్గర విరగ్గొడుతుంది. అలా చేస్తే పాత ఫైల్‌కీ కొత్త ఫైల్‌కీ తేడా చూద్దామంటే ప్రతి లైనూ మారినట్టే కనిపిస్తుంది. విరగ్గొట్టే సెట్టింగ్‌ని 0 చేస్తే ఆ పిచ్చి ఆగుతుంది. ఖాళీ ట్యాగులని తీసేయడం కూడా డిఫాల్టే. మాన్యువల్‌లో బటన్ ఐకాన్లు ఖాళీ స్పాన్ ట్యాగ్‌కి క్లాస్ పెట్టి చూపించేవాళ్లకి ఇది చుట్టుకుంటుంది, ఐకాన్లన్నీ మాయమైపోతాయి. కొత్త వెర్షన్లలో దాన్ని ఆపే ఆప్షన్ ఉంది, మొదటి రోజే ఆపేయండి. ఇంకొకటి, ఫైల్‌ని అక్కడికక్కడే మార్చే ఆప్షన్ వాడితే పాత ఫైల్ పోయినట్టే. పాత ప్రతులన్నీ దాచిపెట్టే గిట్‌లో పెట్టకుండా దాని జోలికి వెళ్లొద్దు.

ఎన్‌కోడింగ్ మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పాడైతే మళ్లీ బాగు చేయడం కష్టం. మా పాత పేజీల్లో చాలావాటి పైన లాటిన్‌1 అని రాసుంది, లోపల ఉన్నది విండోస్ 1252. రెండింటికీ తేడా 128 నుంచి 159 దాకా ఉన్న నంబర్లలో. వంకర కోట్లు, పొడుగు గీతలు, యూరో గుర్తు, అన్నీ అక్కడే ఉంటాయి. పేజీలో ఏం రాసుందో చూసి టైడీ తనంతట తాను సర్దుకోదు. వచ్చేది విండోస్ 1252, పోయేది యూటీఎఫ్8 అని మనమే చెప్పాలి. చెప్పామా, వంకర కోట్లన్నీ యూనికోడ్‌లోకి బుద్ధిగా వచ్చేస్తాయి. చెప్పకపోతే పాత వెర్షన్లు లాటిన్‌1 అనుకుంటాయి, 5 దాటినవి యూటీఎఫ్8 అనుకుంటాయి. అన్నట్టు 'బేర్' అని ఒక ఆప్షన్ ఉంది, అది వంకర కోట్లని మామూలు కోట్లుగా, విరగని స్పేస్‌ని మామూలు స్పేస్‌గా మార్చేస్తుంది. కొలతల మాన్యువల్‌లో అంకెకీ యూనిట్‌కీ మధ్య లైను విరగకూడదని ఆ స్పేస్ పెట్టుకుంటాం. అది ఆన్ చేయొద్దు.

విరగని స్పేస్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. పాత పేజీల్లో దాన్ని ఎన్‌బీఎస్‌పీ అనే పేరుతో రాస్తారు. ఎక్స్‌ఎంఎల్‌కి పుట్టుకతో తెలిసిన పేర్లు ఐదే, అందులో ఇది లేదు. పాత ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ డాక్‌టైప్ ఉన్నప్పుడు ఆ పేరు డాక్‌టైప్ ద్వారా తెలిసేది. హెచ్‌టీఎంఎల్5 పొట్టి డాక్‌టైప్‌లో ఆ సౌకర్యం లేదు, అందుకే ఈపబ్ చెకర్ "ఈ పేరెవరిదో తెలీదు" అని పేజీని వెనక్కి కొడుతుంది. టైడీలో పేర్లకి బదులు నంబర్లు రాయమనే సెట్టింగ్ ఒకటుంది, దాంతో పేరు పోయి 160 వస్తుంది. ఒక్క లైను సెట్టింగ్, కానీ దీని కోసం వెతుకుతూ పూట గడిపేసేవాళ్లు ఉంటారు.

వర్డ్ నుంచి వచ్చిన పేజీల సంగతి త్వరగా ముగిస్తాను. వాటిలో ప్రతి పేరాకీ ఎంఎస్ఓతో మొదలయ్యే క్లాసు, స్టైళ్లు, మధ్యలో అర్థం కాని చిన్న ట్యాగులు. వర్డ్ 2000 అనే పేరుతోనే టైడీలో ఆప్షన్ ఉంది, మొదట్లో ఇది నిజంగా గొప్ప ఉపకారం. ఇక్కడ మాత్రం తుడిచేయడానికి నేను ఒప్పుకుంటాను, ఎందుకంటే వర్డ్‌లో హెడింగ్ స్టైల్ పెట్టి రాసినవాళ్లకి హెడింగ్ ట్యాగ్ వచ్చేసింది, మిగతా సరుకులో పెద్దగా సమాచారం లేదు. మూల డాక్యుమెంట్ దొరికితే దాన్నే నేరుగా పాన్‌డాక్ అనే ఫార్మాట్లు మార్చే ప్రోగ్రామ్‌తో మార్చుకోవడం ఇంకా మంచిది.

ఇంత మార్చాక మాటలు ఏమీ రాలిపోలేదని ఎలా తెలుస్తుంది? దీనికి ఇంకా పాత పనిముట్టు ఉంది. లింక్స్ (Lynx) అని అక్షరాలు మాత్రమే చూపించే బ్రౌజర్, 1992లో కాన్సస్ యూనివర్సిటీలో పుట్టింది. పేజీని మామూలు టెక్స్ట్‌గా దింపమంటే దింపుతుంది. పాత పేజీని ఒకసారి, కొత్త పేజీని ఒకసారి దింపి, రెండింటినీ డిఫ్ చేయాలి, అంటే రెండు ఫైళ్ల తేడాలు చూపించే ప్రోగ్రామ్‌కివ్వాలి. డిఫ్ యూనిక్స్‌లోకి వచ్చింది 1974లో. మార్కప్ ఎంత మారినా మాటలు మారకూడదు కాబట్టి, డిఫ్‌లో ఏదైనా కనిపించిందంటే దానికో కారణం ఉండాలి. మా మాన్యువల్‌లో కనిపించాల్సిన తేడాలు ఏమిటి? ఏ ఉన్న చోట ఆల్ఫా, ఎస్ ఉన్న చోట సిగ్మా. అవి కనిపిస్తే సంతోషం, అవి తప్ప ఇంకేం కనిపించినా ఆగి చూడాలి. టేబుళ్ల దగ్గర ఖాళీల తేడాలు వస్తాయి, వాటిని పట్టించుకోవద్దని డిఫ్‌కే చెప్పొచ్చు. చివర్లో 'ను హెచ్‌టీఎంఎల్ చెకర్' (Nu Html Checker) అనే వాలిడేటర్, హెన్రీ సివోనెన్ మొదలుపెట్టినది, స్టాండర్డ్ ప్రకారం చివరి మాట దానిదే. టైడీ సరే అన్నంత మాత్రాన హెచ్‌టీఎంఎల్5 సరే అన్నట్టు కాదు.

టైడీ చేయలేనివీ ఉన్నాయి. ఫ్రేములు మొదటివి. ఎడమ పక్క విషయసూచిక ఒక ఫైల్, కుడి పక్క అధ్యాయం ఒక ఫైల్, రెండింటినీ కలిపే ఫ్రేమ్‌సెట్ ఒక ఫైల్. హెచ్‌టీఎంఎల్5లో ఫ్రేమ్‌సెట్ లేదు. మార్కప్ ఎంత శుభ్రం చేసినా ఈ ముక్కలు ఒక పేజీ కావు, అది కొత్తగా డిజైన్ చేసుకోవాల్సిన పని. రెండోది పేజీ అమరిక కోసం వాడిన టేబుళ్లు. అంకెల పట్టిక అయితే టేబుల్‌గానే ఉండాలి, బొమ్మ పక్కన పేరా పెట్టడానికి వాడినదైతే పోవాలి. రెండూ టైడీకి ఒకటే. హెడర్ సెల్స్ ఉన్నాయా, బోర్డర్ 0 ఉందా అని చూసి కొంతవరకు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో వేరుచేయొచ్చు, మిగిలినవి కళ్లతో చూడాల్సిందే.

టెంప్లేట్ ఫైళ్లకి అసలు వాడొద్దు. ఇఫ్, ఫర్ లాంటి టెంప్లేట్ కోడ్ టేబుల్ వరసల మధ్య ఉంటే టైడీ కంటికి అది టేబుల్‌లో పడకూడని చోట పడ్డ మామూలు టెక్స్ట్. తీసుకెళ్లి టేబుల్ బయట పెడుతుంది. పీహెచ్‌పీ, ఏఎస్‌పీ లాంటి కొన్నిటికి కొంత మినహాయింపు ఉంది, మిగతావాటికి లేదు. టెంప్లేట్ నడిచాక బయటికొచ్చే పేజీని టైడీకిచ్చి రిపోర్ట్ మాత్రం తీసుకుని, సవరణ టెంప్లేట్‌లో చేత్తో చేసుకోవడమే.

లాజికల్ ఎంఫసిస్ అని ఇంకో ఆప్షన్ ఉంది, ఐ ట్యాగుల్ని ఈఎమ్‌గా, బీ ట్యాగుల్ని స్ట్రాంగ్‌గా మార్చేస్తుంది. ఎక్స్‌హెచ్‌టీఎంఎల్ రోజుల్లో అది మంచి అలవాటుగా చెప్పేవారు. హెచ్‌టీఎంఎల్5 బీ, ఐ రెండింటినీ ఉంచి వాటికి వేరే అర్థాలు ఇచ్చింది. లెక్కల్లో చరరాశిని ఇటాలిక్‌లో రాస్తే అది నొక్కి పలకడం కాదు కదా, దాన్ని ఈఎమ్ చేయడం తప్పు. దీన్ని ఆఫ్‌లోనే ఉంచండి.

చివరిది బొమ్మలకి ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మ చూడలేనివాళ్లకి బదులుగా ఇచ్చే వివరణ. లేని చోటల్లా టైడీ వార్నింగ్ ఇస్తుంది, అది మేలు. కావాలంటే అన్ని బొమ్మలకీ ఒకే మాట తగిలించే ఆప్షన్ కూడా ఇచ్చింది. అది పెడితే వార్నింగులు ఒక్క దెబ్బతో పోతాయి, చెకర్ కూడా నోరెత్తదు. స్క్రీన్ రీడర్ వాడే మనిషికి మాత్రం ప్రతి సర్క్యూట్ బొమ్మ దగ్గరా "చిత్రం, చిత్రం" అని వినిపిస్తుంది. మా దగ్గర ఆ పని త్వరగా అవుతుంది కదా అని అడిగినవాళ్లు లేకపోలేదు. నేను ఆ వార్నింగుల జాబితాని అధ్యాయాలవారీగా విడగొట్టి, ఆ పరికరాల గురించి తెలిసిన ఇంజినీర్లకి పంపాను. సగం వరకు రాసి పంపారు, మిగతా సగం వచ్చేదాకా ఆ అధ్యాయాలు పాత మాన్యువల్‌లోనే ఉంటాయి.